నూనె పొట్లము – తూకము

వేరుసెనగ పండెడి మా చక్రాయపేట ప్రాంతమున సైతము నేడు పెక్కిండ్లకు నూనె పొట్లములలోనే వచ్చుచున్నది. 2024 సెప్టెంబరులో విదేశపు ముడినూనెలపై మూల దిగుమతి సుంకమును సున్న నుండి 20 శాతమునకు పెంచినప్పుడు ధర హెచ్చెనని ఇల్లాండ్రు వాపోయిరి. 2025 మే నెలలో దానిని 10 శాతమునకు దించిరి. ధర కంటికి గనబడును, తూకము గనబడదు. మా విచారమంతయు ఆ తూకమును గూర్చియే.

లీటరనిన కిలో యని తలచువారు మనలో పెక్కండ్రు కలరు. నూనె నీటికంటె తేలిక. లీటరు నూనె కిలోకు తక్కువయే తూగును. వేడిమికి నూనె వ్యాకోచించును గనుక ఆ తూకము ఇంకను తగ్గును. లీటరు సోయానూనె 21 డిగ్రీలయొద్ద 919 గ్రాములు తూగగా, 60 డిగ్రీలయొద్ద 892.6 గ్రాములే తూగును. పొట్లముపై 60 డిగ్రీల లెక్క వ్రాసినచో లీటరను మాట అబద్ధము గాదు; కాని గృహిణికి 26 గ్రాములకు పైగా నష్టము. ఇందుచేతనే 2022లో కేంద్ర ప్రభుత్వము, ఉష్ణోగ్రతను విడిచి, కొలతతోపాటు తూకమును గూడ ముద్రింపవలసినదని నూనె తయారీదారుల నాదేశించెను.

ఆజ్ఞ వెలువడినంతమాత్రమున ఇంటికి మేలు చేకూరదు. దానిని చదువువారు గావలెను. రెండు పొట్లములలో ఏది చవుకయో ధరనుబట్టిగాక గ్రాములనుబట్టి నిర్ణయింతము. తూకము తక్కువయని తోచినచో అంగడివానితో కలహమేల? జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 సంఖ్యపై తెలుపవచ్చును. ఇన్ని గ్రాములకై ఇంత రచ్చయా యని మగవారు నవ్విన నవ్వనిండు. ఇంటి పద్దు వ్రాయు చేయి మనదే గదా!