పత్తి తేమ, పింజ లెక్కలు: టెక్స్‌టైల్ శాస్త్రం మన యార్డు దాకా ఎంత వచ్చింది?

కొనుగోలు కేంద్రంలో మీ పత్తికి రేటు కట్టేటప్పుడు మూడు మాటలు వినపడతాయి. తేమ శాతం, పింజ పొడవు, మైక్రోనేర్. తేమను మీ కళ్ల ముందే మీటరు గుచ్చి చూస్తారు. మిగతా రెండూ రేట్ల పట్టికలో ఉంటాయి గానీ మీ కుప్పను యంత్రంలో పెట్టి కొలిచేవారు ఉండరు. గుప్పెడు దూది తీసి, చేత్తో పింజ లాగి చూసి, ఏ రకం విత్తనం వేశారో అడిగి తేల్చేస్తారు. ఈ మూడు లెక్కలు ఎవరు కట్టారో, వాటిలో మీ చేతిలో ఉన్నది ఏదో తెలిస్తే ఎక్కడ కష్టపడాలో, ఎక్కడ కూలి డబ్బులు దండగో తేల్చుకోవచ్చు.

2025-26 సీజన్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర మధ్యరకం పింజ పత్తికి క్వింటాకు రూ.7,710, పొడవు పింజకు రూ.8,110. పొడవు పింజ అంటే 29.5 నుంచి 30.5 మిల్లీమీటర్ల పింజ, 3.5 నుంచి 4.3 మైక్రోనేర్. మధ్యరకం అంటే 24.5 నుంచి 25.5 మిల్లీమీటర్లు, 4.3 నుంచి 5.1 మైక్రోనేర్. ఇది తేమ 8 శాతం ఉన్నప్పటి ధర. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత, 12 దాటితే సీసీఐ కొనదు. బయటి మార్కెట్ ధర మద్దతు ధర కంటే కిందనే నడిచే ఏడాదిలో ఆ 12 గీతకు ఇవతల ఉన్నామా, అవతల ఉన్నామా అన్నదే అసలు ప్రశ్న.

లెక్కలు కట్టినవారు ఎవరు?

బట్టల పరిశ్రమ శాస్త్రవేత్తలకు, మిల్లు నిపుణులకు సొంత సంఘాలున్నాయి. ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో 1910లో టెక్స్‌టైల్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది, 1925లో దానికి రాజశాసన హోదా వచ్చింది. మన దేశంలో 1939లో టెక్స్‌టైల్ అసోసియేషన్ ఏర్పడింది. అమెరికాలో 1941లో ఫైబర్ సొసైటీ వచ్చింది. వీటి సభ్యులు స్పిన్నింగ్ మాస్టర్లు, అద్దకం రసాయన నిపుణులు, యంత్రాల తయారీదారులు, కాలేజీ అధ్యాపకులు, ప్రయోగశాలల శాస్త్రవేత్తలు. వీళ్ల సభల్లో చర్చించినవి, పత్రికల్లో అచ్చయిన పరిశోధనలే తర్వాత మిల్లుల్లో కొలతలుగా, వ్యాపారంలో నిబంధనలుగా మారతాయి.

ఈ కథలో మన దేశానికీ పాత చోటే ఉంది. 1924లో బొంబాయి మాతుంగాలో పత్తి సాంకేతిక ప్రయోగశాల పెట్టారు. ఇప్పటి సిర్కాట్ అదే. దాని మొదటి డైరెక్టర్ ఎ.జె.టర్నర్. పింజ గుణాన్ని బట్టి నూలు బలం ఎలా మారుతుందో 1928లో ఆయన రాసిన పరిశోధన ఆ మాంచెస్టర్ సంఘం పత్రికలోనే అచ్చయింది. ఆయన తర్వాత వచ్చిన డాక్టర్ నజీర్ అహ్మద్ భౌతిక శాస్త్రవేత్త, దేశ విభజన తర్వాత పాకిస్తాన్ అణుశక్తి కమిషన్‌కు తొలి ఛైర్మన్ అయ్యారు. దూది పోగును కొలవడానికి అంత చదువున్నవాళ్లు కూర్చున్నారంటే పని ఎంత సూక్ష్మమైందో ఊహించండి. కొత్త రకం పత్తి వస్తే దాన్ని ఈ ప్రయోగశాలలో వడికి చూసి, ఎంత సన్నని నూలు ఇస్తుందో తేల్చేవారు. పొడవు పింజకు ఎక్కువ ధర అనే పద్ధతి వెనుక ఉన్నది ఈ కొలతలే. అమెరికాలో హెర్టెల్ అనే శాస్త్రవేత్త 1940లో ఫైబ్రోగ్రాఫ్ అనే పరికరం గురించి రాశారు. ఇప్పుడు మిల్లుల్లో హెచ్‌వీఐ అనే యంత్రం పింజ పొడవును కొలిచేది ఆ సూత్రం మీదే.

ఒక్క సంగతి గమనించండి. ఈ సభ్యుల జాబితాల్లో పత్తి పండించేవాడు దాదాపు కనిపించడు. వాళ్ల పరిశోధన చాలావరకు బేలు మిల్లు గేటు దాటాకే మొదలవుతుంది. అందుకని వాళ్ల కొలతలు తప్పని కాదు. అవి కొనేవాడి అవసరానికి పుట్టాయి కాబట్టి వాటిని అమ్మేవాడి వైపు నుంచి మళ్లీ లెక్కవేసుకోవాలి. ఆ పని మనమే చేద్దాం.

తేమ: 8 శాతం కోసం కాదు, 12 లోపు కోసం ఆరబెట్టండి

పత్తి గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. అందుకే ప్రయోగశాలల్లో గాలి తేమను 65 శాతం దగ్గర నిలిపి, నమూనాను చాలాసేపు ఆ గదిలో ఉంచాకే కొలుస్తారు. ఆ వాతావరణంలో పత్తికి ఉండే తేమను పొడి బరువు మీద 8.5 శాతంగా వ్యాపారంలో ఒప్పుకున్నారు. మొత్తం బరువు మీద లెక్కేస్తే అది 7.8 శాతం. మన కేంద్రాల్లోని 8 శాతం ఆ అంకెకు దగ్గరలోనే ఉంది. శాస్త్రం ప్రకారం చూస్తే అన్యాయమైన గీత కాదు. కానీ నవంబరు మంచులో, పొద్దున్నే ట్రాక్టరులో వచ్చిన పత్తికి ఆ 65 శాతం గది ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు లెక్క చూడండి. మీ దగ్గర 12 శాతం తేమతో 100 కిలోల పత్తి ఉందనుకుందాం. 4 శాతం కోత పోగా క్వింటాకు రూ.7,785.60 వస్తుంది. దాన్నే 8 శాతానికి ఆరబెడితే నీరు పోయి బరువు సుమారు 95.65 కిలోలకు దిగుతుంది. పూర్తి ధర రూ.8,110 ఇచ్చినా చేతికొచ్చేది సుమారు రూ.7,757. అంటే ఆరబెట్టిన కూలి పోగా, మరో 28 రూపాయలు తక్కువే! పూర్తి ధర వస్తుందని నాలుగు రోజులు పత్తిని తిరగేయడం వల్ల డబ్బు రూపంలో మిగిలేది ఏమీ లేదు.

12 దాటితే మాత్రం లెక్క తిరగబడుతుంది. 16 శాతం తేమ ఉన్న 100 కిలోల పత్తిని 12 శాతానికి ఆరబెడితే సుమారు 95.45 కిలోలు మిగులుతుంది. సీసీఐ ధర ప్రకారం దాని విలువ సుమారు రూ.7,430. కాబట్టి అదే పత్తిని పచ్చిగా కొంటానని వచ్చిన వ్యాపారి క్వింటాకు ఇంతకంటే ఎంత తక్కువ చెబితే అంత మేర మీకు నష్టం. అందులోంచి ఆరబెట్టే కూలి, పట్టాల ఖర్చు, రెండోసారి రవాణా తీసేసి చూసుకోండి. వ్యాపారి ఇచ్చేది దానికి దగ్గరగా ఉంటే అమ్మేయడంలో తప్పులేదు. వెయ్యి, పన్నెండు వందలు తక్కువ చెబితే మాత్రం రెండు రోజుల ఎండ మీ సొంత ఆస్తి అనుకోండి.

అంచు మీద 12కు సరిపెట్టుకుని బయల్దేరకండి. దారిలో, వరుసలో రాత్రి గడిస్తే మంచుకు పైపొర తేమ పెరుగుతుంది. ఇంటి దగ్గర 10 శాతం వరకు తెచ్చుకుంటే ఆ బెంగ ఉండదు. మంచు ఆరాకే పత్తి తీయించండి, బండి మీద రాత్రిపూట టార్పాలిన్ కప్పండి. కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు తీసుకున్నాక తేదీ మన చేతిలో ఉండదు, వారం ముందు నుంచే ఆరుదల మొదలుపెట్టాలి. మీటరును ఒక్కచోట గుచ్చి అంకె రాస్తే ఒప్పుకోకండి. బండికి పైన, మధ్యలో, అడుగున చూసి సగటు తీయమని అడగండి. ఒక్క నమూనాతో కుప్ప గుణాన్ని తేల్చకూడదన్నది ఆ శాస్త్రం మొదటి పాఠమే, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

నీళ్లు చల్లి బరువు పెంచే తెలివి కొన్నిచోట్ల ఇంకా పోలేదు. తడి పత్తి కుప్పలో వేడెక్కి పసుపు రంగు తిరుగుతుంది, గింజ కూడా పాడవుతుంది. ఊళ్లో ఒక్కరు చేసినా జిన్నింగ్ మిల్లు వాళ్లు ఆ ఊరి బండ్లన్నిటినీ అనుమానంగానే చూస్తారు.

పింజ, మైక్రోనేర్: పొలంలోనే తేలిపోతాయి

పింజ పొడవు ఎక్కువగా విత్తన రకాన్ని బట్టి వస్తుంది. పువ్వు విచ్చుకున్న మొదటి మూడు వారాల్లో పోగు పొడవు సాగుతుంది. ఆ తర్వాత మూడు నాలుగు వారాల్లో లోపలి గోడ మందమవుతుంది. మొదటి దశలో బెట్ట తగిలితే పింజ పొట్టిబారుతుంది. రెండో దశలో నీరు, పొటాష్ చాలకపోయినా, గులాబీ పురుగు కాయను తొలిచినా పోగు పక్వానికి రాదు.

మైక్రోనేర్ అంటే నిర్ణీత బరువున్న దూదిలోంచి గాలిని పంపి, అది ఎంత సులువుగా పోతుందో చూసే కొలత. ఇందులో ఒక తిరకాసు ఉందని టెక్స్‌టైల్ శాస్త్రవేత్తలే ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. అంకె తక్కువ వచ్చిందంటే పోగు సన్నగా ఉండవచ్చు, పక్వం కాకపోయి ఉండవచ్చు. సన్నదనం మంచిది, పచ్చిదనం చెడ్డది, అంకె మాత్రం ఒక్కటే. పక్వం కాని పోగు ముడులు పడుతుంది, రంగు సమంగా పట్టదు. అందుకే మిల్లు వాళ్లకు చివరి తీత పత్తి అంటే భయం.

రైతుకు ఇందులో పనికొచ్చేది ఒకటే. మొదటి, రెండో తీత పత్తిని చివరి తీతతో కలపకండి. గుడ్డి పత్తి, పురుగు పట్టిన పత్తి, తెల్లదోమ, పేనుబంక వల్ల జిగురు పట్టిన పత్తి వేరే సంచిలో పోయండి. పది బస్తాల మంచి పత్తిలో ఒక బస్తా చెత్త పత్తి కలిస్తే పదకొండు బస్తాలకూ చెత్త రేటే పలుకుతుంది. కూలీలు ఒప్పుకోరు, నిజమే. కిలోకు ఇంత అని కూలి ఇచ్చేచోట వాళ్లు రెండు సంచులు మోయరు. అలాంటప్పుడు తీత రోజునే వేరు చేయండి, గుడ్డి పత్తికి విడిగా ఒక మనిషిని పెట్టండి.

యూరియా సంచి నష్టం

మన దేశపు పత్తికి అంతర్జాతీయంగా చెడ్డపేరు తెచ్చింది పింజ కాదు, కల్తీ పోగులు. ప్రపంచ మిల్లుల సమాఖ్య జరిపే సర్వేల్లో ప్లాస్టిక్, గోనె పీచు, వెంట్రుకలు ఎక్కువగా దొరికే పత్తుల్లో మనవి తరచూ కనిపిస్తాయి. యూరియా సంచి నుంచి ఊడిన ఒక్క పోగు మిల్లులో ముక్కలై నూలంతా పరుచుకుంటుంది, అద్దకంలో రంగు పట్టదు. నేసిన బట్ట మీద తెల్లని గీతగా తేలుతుంది. చెత్తను కొలవడానికి ప్రయోగశాలల్లో షర్లీ ఎనలైజర్ వాడతారు. మాంచెస్టర్ దగ్గరి పరిశోధన సంస్థకు విరాళమిచ్చిన ఒక దాత తన కూతురి పేరు పెట్టించాడు, పరికరానికీ ఆ పేరే వచ్చింది. ఆకు, పుల్ల ఇలాంటి యంత్రంలో విడిపోతాయి. ప్లాస్టిక్ పోగు దూదితోపాటే పోతుంది.

2025 ఆగస్టు 19 నుంచి పత్తి దిగుమతిపై 11 శాతం సుంకాన్ని కేంద్రం ఎత్తేసింది. ముందు సెప్టెంబరు 30 వరకన్నారు, తర్వాత డిసెంబరు 31కి పొడిగించారు. మన పంట మార్కెట్‌కు వచ్చే నెలల్లోనే ఇలా చేయడం రైతుకు దెబ్బే, అందులో రెండో మాట లేదు. అయితే మిల్లులు బయటి పత్తి కోసం చూడటానికి ధర ఒక్కటే కారణం కాదు, అందులో ప్లాస్టిక్ ఏరే ఖర్చు తక్కువ. కస్తూరి కాటన్ పేరుతో ప్రభుత్వం తెచ్చిన బ్రాండు కూడా శుభ్రమైన, ఎక్కడ పండిందో చెప్పగల పత్తికోసమే. పాత చీరతో కుట్టిన గుడ్డ సంచి ఒక్కటి చాలు, రైతు వైపు ఖర్చు అంతకు మించదు. కానీ శుభ్రమైన పత్తికి యార్డులో రూపాయి ఎక్కువ ఇవ్వనప్పుడు రైతు ఎందుకు శ్రమపడాలి? ఈ ప్రశ్నకు ఏ సంఘం పరిశోధనలోనూ జవాబు ఉండదు, ధర కట్టేవాళ్లే చెప్పాలి.

ఒక్కరికి రాని ధర గుంపుకు వస్తుందా?

హెచ్‌వీఐ కొలత జరిగేది జిన్నింగ్ అయ్యాక, బేలు మీద. మీరు అమ్మేది గింజ పత్తి. కాబట్టి మీ పింజ బాగుంటే దాని లాభం జిన్నింగ్ గేటు దగ్గరే ఆగిపోతుంది. క్వింటా గింజ పత్తికి సుమారు 33 నుంచి 35 కిలోల దూది వస్తుంది. 170 కిలోల బేలు ఒకటి కట్టాలంటే ఇంచుమించు అయిదు క్వింటాళ్లు కావాలి. ఇరవై మంది రైతులు ఒకే రకం వేసి, మొదటి రెండు తీతలు కలిపి 400 క్వింటాళ్లు పోగుచేస్తే 80 బేళ్లు. అంత సరుకు ఉంటే రైతు ఉత్పత్తిదారుల సంఘం జిన్నింగ్ మిల్లులో కూలికి ఆడించి, పరీక్ష చేయించి, దూదిగా అమ్మడానికి బేరమాడవచ్చు. గింజ ధర కూడా విడిగా చేతికొస్తుంది.

ఇందులో ఇబ్బందులూ ఉన్నాయి. డబ్బు చేతికి రావడానికి ఆలస్యమవుతుంది, అప్పు వడ్డీ మాత్రం ఆగదు. మద్దతు ధర కంటే దూది ధర కింద ఉన్న ఏడాది ఈ పని పెట్టుకోకండి, సీసీఐకి గింజ పత్తిగా అమ్మడమే మేలు. ముందుగా ఈ ఏడాది ఒక చిన్న పని చేసి చూడండి. సంఘం తరఫున నాలుగైదు పొలాల మొదటి తీత పత్తిని, చివరి తీత పత్తిని విడివిడిగా నమూనా తీసి, తారీఖు, విత్తన రకం, రైతు పేరు రాసి పరీక్షకు పంపండి. సిర్కాట్ రుసుము తీసుకుని బయటివారి నమూనాలు పరీక్షిస్తుంది, గుంటూరులో దానికి విభాగం ఉంది. నమూనా ఎంత పంపాలో, రుసుము ఎంతో ముందే ఫోనులో కనుక్కోండి. ఆ కాగితం మీద మీ పింజ పొడవు, మైక్రోనేర్ అంకెల్లో ఉంటాయి. వచ్చే ఖరీఫ్‌లో విత్తనం కొనేటప్పుడు డీలరు మాట పక్కన ఆ అంకెలు పెట్టి చూడండి.