ప్రార్థనకు ముందు ఒక కాగితము



ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతపు సంఘములలో పరిచర్య చేయు మాకు తరచుగా వచ్చు పిలుపు ఒకటున్నది. "అయ్యగారూ, మా పాప కువైట్‌కు పోతా ఉండాది, వచ్చి ప్రార్థన చేసి పోండి" అంటారు. మేము వెళ్తాము. వసారాలో పెట్టె కట్టి ఉంటుంది. చిన్న పిల్లలు తల్లి కొంగు వదలరు. ప్రార్థన చేసి, చెన్నై బస్సు ఎక్కించి వస్తాము.

కొన్నేండ్ల క్రితము అట్లే ఒక సహోదరిని సాగనంపితిమి. ఏ వీసా అని అడుగలేదు. ఏజెంటు ఎవరని అడుగలేదు. అక్కడ ఆమె పాస్‌పోర్టు యజమాని బీరువాలోనికి పోయినది. ఏడు నెలల జీతము అందలేదు. ఆమె తల్లి మా యొద్దకు వచ్చి, "మీరు ప్రార్థన చేసే గదయ్యా పంపినారు" అన్నప్పుడు మేము తల దించుకొంటిమి. బిడ్డ తిరిగి వచ్చినది గాని జీతము రాలేదు.

పరాయి దేశములో, ఒక ఇంటి తలుపుల వెనుక పని చేయు స్త్రీని కాపాడుటకు మన చట్టము అంత దూరము పోలేదు. అక్కడి చట్టమే ఆమెను కాపాడవలెను. ఆ చట్టము మనవారికి అందునట్లు చూచుటకు రెండు ప్రభుత్వములు కూర్చుండి మాట్లాడుకొనవలెను. కనుక విదేశాంగ వ్యవహారములు ఢిల్లీ పెద్దల సంగతి మాత్రమే కాదు, మన మెట్ట పల్లెల సంగతి కూడ.

ఇందుకు ఫిలిప్పీన్సు దేశము మంచి ఉదాహరణ. 2018లో ఆ దేశపు పనిమనిషి ఒకామె శవము కువైట్‌లో ఫ్రీజరులో దొరికినది. ఆ దేశము తన ప్రజలను అక్కడికి పంపుట ఆపివేసినది. అదే సంవత్సరము మే నెలలో ఒప్పందము కుదిరినది. పనిచేయు స్త్రీ తన ఫోను తన యొద్దనే ఉంచుకొనుట అందులో ఒక షరతు.

అయితే ఒక్క దేశమే గట్టిగా అడిగితే ఏజెంట్లు పొరుగు దేశపు పేదలను వెదకుకొంటారు. అందుకే కార్మికులను పంపు ఆసియా దేశములు 2003లో కొలంబోలో కూడి సంప్రదింపులు మొదలుపెట్టినవి. 2008లో అబుదాబిలో గల్ఫు దేశములు కూడ వారితో కూర్చున్నవి.

కువైట్ 2015లో ఇంటి పనివారి కొరకు 68వ నంబరు చట్టము చేసినది. దాని ప్రకారము దినమునకు 12 గంటలకు మించి పని చేయించరాదు. వారమునకు ఒక దినము సెలవు ఇవ్వవలెను. 2021 జూన్ 10న మన దేశము కువైట్‌తో ఇంటి పనివారి విషయమై ఒప్పందము చేసికొన్నది. యజమాని బాధ్యతలు, పనివారి హక్కులు వ్రాసిన కాంట్రాక్టు ఉండవలెనని అందులో ఉన్నది.

ఇంత జరిగినను, విజిట్ వీసా మీద పోయిన మన బిడ్డ పేరు ఆ ఒప్పందమునకు తెలియదు. దేశములు సంపాదించిన హక్కు మన ఇంటికి చేరుట ఒక కాగితము మీద ఆధారపడి ఉన్నది. పదవ తరగతి ప్యాసు కాని స్త్రీ గల్ఫులో ఇంటి పనికి పోవలెనంటే 30 ఏండ్లు నిండియుండవలెను. ఓంక్యాప్ వంటి ప్రభుత్వ సంస్థ ద్వారా పోవుట క్షేమము. 275 రూపాయలకు రెండేండ్లపాటు 10 లక్షల ప్రమాద బీమా ఉన్నది. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, బీమా నకళ్లు ఒక జత ఇంటిలో ఉంచుకొనవలెను. ఆపద వచ్చినప్పుడు మన రాయబార కార్యాలయము మొదట అడుగునవి అవే.

కూలివాడు స్వజనుడైనను పరదేశియైనను, ప్రొద్దు క్రుంకకముందే అతని కూలి ఇయ్యవలెనని మోషే ధర్మశాస్త్రము విధించినది. జీతము దయ కాదు, హక్కు.

మొన్న ఒక ఇంటిలో మోకరించకముందు కాగితములు అడిగితిమి. అది విజిట్ వీసా. ప్రయాణము ఆగినది. ఏజెంటుకు కట్టిన అప్పు ఇంకను తీరలేదు. ఆ కుటుంబము మాతో సరిగా మాట్లాడుట లేదు. అయినను బిడ్డ ఇంటి దగ్గరనే ఉన్నది. వచ్చే వారము ఆమె పాస్‌పోర్టు తీసికొని, సరియైన దారి ఏదో విచారించుటకు వారితో కలిసి మేమే వెళ్లుదుము.