గాయపడేది మనిషా, మనోభావమా?

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఉదయం దినపత్రిక మడతలోంచి గులాబీరంగు కరపత్రం ఒకటి జారిపడింది. ఫలానా మతం వాళ్ళ దుకాణాల్లో సరుకులు కొనవద్దనీ, వాళ్ళకు ఇళ్ళు అద్దెకివ్వవద్దనీ అందులోని సారాంశం. ఏ మతమో ఇక్కడ రాయను. రాస్తే చదివేవారిలో సగం మంది ఒక గట్టుకూ, మిగతా సగం ఇంకో గట్టుకూ చేరిపోతారు. ఆ కరపత్రంలో ఒక్క బూతుమాట లేదు. ఏ దేవుణ్ణీ తిట్టలేదు. ఎవరినీ కొట్టమనలేదు. అచ్చుతప్పులు కూడా లేని చక్కని తెలుగు.

మా వీధి చివర నా తరగతి మిత్రుడి తండ్రికి చిన్న దర్జీ దుకాణం ఉండేది. ఆ దుకాణం మీద ఒక్క రాయి కూడా పడలేదు. జనం రావడం మాత్రం తగ్గింది. మా ఇంట్లో కూడా ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆ సంక్రాంతికి మా బట్టలు వేరేచోట కుట్టించారు. వేసవి సెలవులు అయ్యేసరికి ఆ కుటుంబం ఊరు విడిచి వెళ్ళిపోయింది.

విద్వేషపు మాటలకు వాక్స్వాతంత్ర్యం వర్తిస్తుందా లేదా అన్న చర్చ ఎక్కడ వచ్చినా నాకు ఆ గులాబీ కాగితమే గుర్తుకొస్తుంది. ఎందుకంటే ఈ చర్చ మన దేశంలో సాధారణంగా "మనోభావాలు దెబ్బతినడం" అనే మాట చుట్టూనే తిరుగుతుంది. ఆ కరపత్రం వల్ల ఎవరి మనోభావమూ దెబ్బతినలేదు. దెబ్బతిన్నది ఒక మనిషి బతుకు. ఈ రెండింటినీ మనం ఒకే గాటన కట్టేశామనీ, చిక్కంతా అక్కడే ఉందనీ నా అభిప్రాయం.

ఈ చిక్కు పుట్టుక తెలుసుకోవాలంటే వందేళ్ళ వెనక్కి, లాహోరుకు వెళ్ళాలి. 1924లో అక్కడ "రంగీలా రసూల్" అనే చిన్న పుస్తకం వెలువడింది. ప్రవక్త మహమ్మదు వైవాహిక జీవితాన్ని ఎగతాళి చేసిన పుస్తకమది. దానిపై రచయిత పేరు లేదు. ప్రచురణకర్త మహాశయ్ రాజ్‌పాల్. వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడాన్ని నేరంగా పరిగణించే 153ఏ సెక్షను అప్పటికే, 1898 నుంచీ, శిక్షాస్మృతిలో ఉంది. దాని కింద ఆయన మీద కేసు పెట్టారు. కింది కోర్టు శిక్ష వేసింది. 1927లో లాహోరు హైకోర్టు న్యాయమూర్తి దలీప్ సింగ్ ఆ శిక్షను రద్దు చేశారు. పుస్తకం ఆయనకు నచ్చి కాదు. అది దురుద్దేశంతో రాసినదేనని ఆయన భావించారు. అయితే ఆ సెక్షను బతికున్న ఒక సమాజంపై జరిగే దాడులను ఆపడానికి ఉద్దేశించినదనీ, గతించిన మతకర్తలపై వచ్చే వాదవివాదాలను, అవి ఎంత నీచంగా ఉన్నా సరే, ఆపడానికి కాదనీ ఆయన తేల్చారు.

ఆ ఒక్క విభజనలో ఎంత వివేకం ఉందో చూడండి. ఒక వైపు విశ్వాసం, మరో వైపు విశ్వాసి. చట్టం కాపలా కాయవలసింది రెండోవాడికి.

కానీ ఆ తీర్పు మీద పెద్ద ఆందోళన రేగింది. అదే సంవత్సరం బ్రిటిష్ ప్రభుత్వం 295ఏ సెక్షను తెచ్చింది. ఒక వర్గపు మతాన్నిగానీ మతవిశ్వాసాలనుగానీ ఉద్దేశపూర్వకంగా, ద్వేషబుద్ధితో అవమానించడం నేరమయింది. శాసనసభలో ఆ బిల్లును సమర్థించినవారిలో మహమ్మదాలీ జిన్నా ఒకరు. చరిత్రకారులకూ, చిత్తశుద్ధితో మతాన్ని విమర్శించేవారికీ రక్షణ ఉండాలని ఆనాడే హెచ్చరించినవాడూ ఆయనే. చట్టమైతే వచ్చింది. రాజ్‌పాల్ మాత్రం మిగల్లేదు. 1929 ఏప్రిల్లో ఇల్ముద్దీన్ అనే యువకుడు ఆయన్ను కత్తితో పొడిచి చంపాడు. అదే ఏడాది ఇల్ముద్దీన్‌ను ఉరితీశారు. హైకోర్టు అప్పీలులో అతని తరఫున వాదించినది కూడా జిన్నాయే!

మనోభావాలను శాంతింపజేయడానికి తెచ్చిన చట్టం ఒక ప్రాణాన్ని కాపాడలేకపోయింది. పైగా కోపానికి ఒక పాఠం నేర్పింది. తగినంత మంది, తగినంత గట్టిగా అరిస్తే చట్టమే కదిలివస్తుందని.

ఆ విత్తనం సరిహద్దుకు అటువైపు ఎలా పెరిగిందో అందరికీ తెలుసు. 1986లో పాకిస్తాన్ దానికి 295సీ చేర్చింది. దైవదూషణకు మరణశిక్ష వరకూ వెళ్ళింది. ఆ కేసులో శిక్షపడిన ఆసియా బీబీ అనే పేద క్రైస్తవ స్త్రీ పక్షాన మాట్లాడిన పంజాబ్ గవర్నరు సల్మాన్ తసీర్‌ను 2011లో ఆయన అంగరక్షకుడే కాల్చి చంపాడు. ఆమె నిర్దోషి అని ఆ దేశపు సుప్రీంకోర్టు తేల్చేసరికి 2018 వచ్చింది.

మన వైపు అంత దూరం పోలేదు. అయినా 1957లో సుప్రీంకోర్టు ధర్మాసనం 295ఏ రాజ్యాంగబద్ధమేనని చెప్పింది. నేటి భారతీయ న్యాయ సంహితలో అదే సెక్షను 299 అనే కొత్త అంకెతో కొనసాగుతోంది. 2014లో వెండీ డోనిగర్ హిందువులపై రాసిన పుస్తకాన్ని ప్రచురణ సంస్థ కోర్టు బయట రాజీ చేసుకుని ఉపసంహరించింది. కోర్టు నిషేధించనక్కరలేకుండానే పని అయిపోయింది. వారెంటు లేకుండా అరెస్టు చేయగల, బెయిలు హక్కుగా దొరకని సెక్షను ఇది. అంతిమంగా నిర్దోషిగా తేలినా మధ్యలో నలిగిపోవడమే శిక్ష.

అలాగైతే అన్నీ వదిలేద్దామా? అమెరికా చాలావరకు ఆ దారే పట్టింది. 1977లో కొందరు నాజీ అభిమానులు షికాగో పక్కన స్కోకీ అనే ఊళ్ళో స్వస్తిక గుర్తులతో ఊరేగుతామన్నారు. హిట్లరు శిబిరాలనుంచి బతికి బయటపడిన యూదులు ఎందరో ఆ ఊళ్ళో నివసిస్తున్నారు. ఊరేగింపు హక్కు కోసం కోర్టులో నిలబడిన పౌరహక్కుల సంఘానికి అప్పుడు నాయకత్వం వహిస్తున్నది బెర్లినులో పుట్టి, నాజీల బారినుంచి తప్పించుకున్న ఆర్యే నయ్యర్. నేడు వాళ్ళ నోరు మూసే అధికారాన్ని ప్రభుత్వానికిస్తే రేపు అది మన నోరే మూస్తుందని ఆయన వాదం. ఆ సంఘం వేలాది సభ్యులను పోగొట్టుకుంది, కేసు గెలిచింది. చివరికి ఊరేగింపు స్కోకీలో జరగనే లేదు. ఆ నిబ్బరానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

కానీ ఆ నమస్కారం ముగియకముందే రువాండా గుర్తుకొస్తుంది. 1994లో అక్కడ ఆర్‌టీఎల్‌ఎం అనే రేడియో టుట్సీలను బొద్దింకలని పిలిచింది. పాటల మధ్యలో ఫలానావారు ఫలానాచోట దాక్కున్నారని పేర్లు చదివింది. సుమారు వంద రోజుల్లో అక్కడ హతమైనవారు ఎనిమిది లక్షలని ఒక అంచనా. ఆ రేడియో స్థాపకుల్లో ఇద్దరికీ, ఒక పత్రికా సంపాదకుడికీ 2003లో అంతర్జాతీయ న్యాయస్థానం శిక్ష వేసింది. మాటకు మాటే మందు అనే సూత్రం మంచిదే. అయితే జవాబు చెప్పడానికి అవతలి మనిషి బతికి ఉండాలి కదా!

ఈ రెండు ఉదాహరణల మధ్య నాకు కనిపించే గీత, దలీప్ సింగ్ గీసినదే. మతమైనా, గ్రంథమైనా, కులపు చరిత్ర అయినా, చనిపోయిన మహాపురుషుడైనా విమర్శకు, ఎగతాళికి, చివరికి తిట్టుకు కూడా అతీతం కాకూడదు. వేల ఏళ్ళు నిలిచిన విశ్వాసం ఒక పుస్తకంతో కూలదు. పుట్టుకను బట్టి ఒక సమూహాన్ని గురిచేసి వాళ్ళను కొట్టండి, తరమండి, వెలివేయండి అని పిలుపునివ్వడం మాత్రం అభిప్రాయం కాదు. అది కార్యాచరణలో మొదటి మెట్టు. దానికి రక్షణ అక్కరలేదు.

మన దగ్గర జరిగినదే ఒకటి చెబుతాను. 2017లో కంచ ఐలయ్య గారి పుస్తకం ఒకటి, ఒక కులాన్ని శీర్షికలోనే స్మగ్లర్లనే మాటతో జతచేసి వచ్చినది, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పెద్ద దుమారం లేపింది. ఒక కులాన్నంతటినీ ఒకే ముద్రతో కొట్టే ఆ శీర్షిక నాకు మింగుడుపడలేదు. ఆ కులంలో పుట్టినవారి బాధ నటన అని నేననను. అయినా వ్యాపారం, సంపద, కులం అనే విషయాలపై అదొక వాదం. దానికి ప్రతివాదం రాయవచ్చు. నిషేధించమన్న పిటిషనును సుప్రీంకోర్టు ఆ అక్టోబరులోనే తిరస్కరించింది. అదే సమయంలో ఆ రచయితను బహిరంగంగా ఉరితీయాలన్న మాటలూ వినిపించాయి. ఏది అభిప్రాయమో, ఏది బెదిరింపో వేరే చెప్పాలా?

నా గీత అంత సరళమైనది కాదని నాకూ తెలుసు. మన సామెతల్లో, ఇంటి మాటల్లో కులాల పేర్లతో ఎంత విషం ఉందో మనకు తెలియనిది కాదు. చిన్నప్పుడు నేనూ అవి అన్నవాణ్ణే. ఆ మాటలు ఎవరినీ కొట్టమని చెప్పవు, కొట్టినప్పుడు తప్పనిపించకుండా చేస్తాయి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం నలుగురిలో మనిషిని కులం పేరుతో అవమానించడాన్ని నేరం చేసింది. ఆ చట్టం కాపాడేది విశ్వాసాన్ని కాదు, ఎదురుగా నిలబడ్డ మనిషి గౌరవాన్ని. అందుకే దాన్ని నేను 295ఏతో ఒకే తక్కెడలో తూచను. ఇక ఎవరినీ గురిచేయని సామెతను చట్టం పట్టలేదు, పట్టకూడదు కూడా. దాన్ని మన నాలుకలమీద మనమే పట్టుకోవాలి.

మళ్ళీ గులాబీ కాగితం దగ్గరికి వస్తాను. దానిమీద అప్పట్లో 153ఏ కింద కేసు పెట్టే వీలుండేది. ఎవరూ పెట్టలేదు. ఆ దర్జీ వెనుక అరిచే గుంపు లేదు. మన చట్టం గాయం లోతును కొలవడం మాని, కేక బలాన్ని కొలుస్తున్నంత కాలం ఆయనలాంటివారికి అది అందదు. ఇక చట్టం చేయలేని పని ఒకటి మిగిలే ఉంది. ఆ సంక్రాంతికి మా నాన్న ఎప్పటిలాగే ఆ దుకాణానికే బట్ట పట్టుకెళ్ళి ఉంటే ఆ కరపత్రం చిత్తుకాగితమై ఉండేది. మా నాన్నను తప్పుపట్టే అర్హత నాకు లేదు. మా వాడు బడి మానేసిన రోజున వాళ్ళింటికి వెళ్ళి ఎందుకని అడగనైనా అడగలేదు నేను.

ఏకీభవించనివారు తప్పక వ్యాఖ్య రాయండి. నన్ను తిట్టినా, నా దేవుణ్ణి తిట్టినా ఉంచుతాను. పక్కింటివాణ్ణి తరమమంటే మాత్రం తీసేస్తాను.