ఏ ఫోల్డర్ దాచాలి?

మన క్లాసులో ఎవర్నడిగినా బ్యాకప్ గురించి పది నిమిషాలు మాట్లాడతారు. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి ఇంటి బయట అనే 3-2-1 సూత్రం వైవాలో గడగడా అప్పజెప్తాం. ఆ కాపీల్లో ఏం పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు. నా ఉద్దేశంలో అసలు పరీక్ష అదే. అందులో నేను ఫెయిలయ్యాను.

2021 నవంబర్ వానల్ని తిరుపతిలో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోరు. మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. టేబుల్ కింద ఉన్న సీపీయూ మునిగింది. ఎంత ప్రయత్నించినా హార్డ్ డిస్క్ పనిచేయలేదు. అప్పుడు నేను ఇంటర్. అంతకు నెల ముందే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో కాపీ తీసి పెట్టా. ఏం తీశానో చెప్తే నవ్వుతారు: సినిమాలు, గేములు, ఎంసెట్ పీడీఎఫ్‌లు, డాక్యుమెంట్స్ మొత్తం. ‘న్యూ ఫోల్డర్ (2)’ అని ఒకటుంటే, తెరిచి కూడా చూడకుండా చెత్త అనుకుని వదిలేశా.

అందులో మా జేజి గొంతు ఉంది. ఆమె గంగమ్మ జాతర పాటలు పాడుతుంటే నాన్న ఫోన్లో రికార్డు చేసి, సిస్టంలో వేసి, ఫోన్లో జాగా లేక అక్కడ తీసేశారు. నాన్నది డీటీపీ పని. అవే పాటల్ని విని పేజ్‌మేకర్లో అనూ ఫాంట్లతో టైపు చేసుకున్నారు. ఆ ఫైలు డాక్యుమెంట్స్‌లో ఉండబట్టి బతికింది. కొత్త సిస్టంలో తెరిస్తే తెలుగు లేదు, అన్నీ పిచ్చి గీతలే! అవి యూనికోడ్ అక్షరాలు కావు. ఆ ఫాంటు ఉంటేనే తెలుగుగా కనిపిస్తాయి. ఫాంటేమో విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్లో ఉండింది. దాని జోలికి నేను పోనేలేదు. నాన్న మళ్ళీ అనూ వేయించాక పాటలు కనిపించాయి. మాటలు దక్కాయి, బాణీలు పోయాయి.

మన ఊరికి ఇది కొత్త కథ కాదు. తాళ్ళపాక అన్నమయ్య (1408–1503) పాటల్ని కొడుకు పెద తిరుమలాచార్యులు, ఆ వంశం వాళ్ళు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్ళో ఒక చిన్న అరలో దాచారు. తాటాకులకు చెదలు పడుతుంది, రాగికి పట్టదు. సుమారు 400 ఏళ్ళ తర్వాత, 20వ శతాబ్దంలో, అవి లోకానికి తెలిశాయి. ఇంతకంటే గట్టి బ్యాకప్ ఉంటుందా? అయినా రేకు మీద రాగం పేరుంది గానీ స్వరాలు లేవు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటివాళ్ళు కొత్తగా బాణీలు కట్టబట్టి ఈరోజు వింటున్నాం. చెక్కించిన వాళ్ళను తప్పుపట్టలేం. బాణీ అప్పుడు పాడేవాళ్ళ నోట్లోనే ఉండేది. అది పోతుందని ఎవరనుకుంటారు?

అందుకే ఫోల్డర్ పేరూ సైజూ చూసి ఎంచుకోవద్దంటాను. రెండు ప్రశ్నలు చాలు. ఒకటి, ఇది పోతే మళ్ళీ దొరుకుతుందా? సినిమా దొరుకుతుంది. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ ఎంత పెద్దదైనా, ప్యాకేజ్ డాట్ జేసన్ ఉంటే ఒక్క కమాండుతో మళ్ళీ వస్తుంది. గొంతు రాదు. రెండు, దీన్ని తెరవాలంటే పక్కన ఇంకేం కావాలి? ఫాంటో, పాస్‌వర్డో, పాత సాఫ్ట్‌వేర్ సెటప్పో, ఏదైతే అది కూడా దాచాలి.

‘మొత్తం డిస్క్ కాపీ కొట్టేస్తే పోలా?’ అంటారు. పెద్ద డిస్క్ ఉంటే అలాగే చేయండి. కానీ అదీ ఆ ఇంట్లోనే ఉంటే వరదకు రెండూ ఒకటే. ఇంటి బయట పెట్టే కాపీకి గూగుల్ ఊరికే ఇచ్చేది 15 జీబీ, మెయిళ్ళూ ఫోటోలూ అందులోనే. అక్కడ ఎంచుకోక తప్పదు. ఆ ఎంపిక మనమొక్కరమే చేయకూడదు. ఇంట్లో కంప్యూటర్ సంగతి మనకు తెలిసుండొచ్చు. ఏ ఫైలు విలువెంతో అమ్మానాన్నలకు తెలుసు. పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి.

జేజిని మళ్ళీ పాడమన్నా. పన్నెండు పాటల్లో ఐదు పాడింది. ‘మిగతావి నోటికి రాలేదు నాయనా’ అంది. ఆ ఐదూ ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. ఫోల్డర్ పేరు ‘జేజి పాటలు’. ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ సిస్టంలోని న్యూ ఫోల్డర్లు ఒక్కసారి తెరిచి చూడండి.