వార్డెను పెట్టిన సంతకము

గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు టీకాను గూర్చి మనవారికి బోధింప బూనువారు తరచుగా అంకెలతో ఆరంభింతురు. 2020వ సంవత్సరమున మన దేశములో లక్షా ఇరువది వేలకు పైబడి స్త్రీలలో ఈ వ్యాధి బయటపడెననియు, డెబ్బది వేలకు మించి మరణించిరనియు చెప్పుదురు. అంకెలు యథార్థములే. కాని "పదేళ్ళ పిల్లకు ఆ సూది ఇప్పుడెందుకమ్మా?" అని తల్లి అడిగినచో వానిలో సమాధానము దొరకదు.

సమాధానము సిగ్గుపడక చెప్పవలసినది. ఈ క్యాన్సరునకు దాదాపు అన్ని సందర్భములందును మూలము హెచ్.పి.వి. అను వైరసు. అది లైంగిక సంపర్కము వలన సంక్రమించి, అత్యధికులలో ఒకటి రెండేండ్లలో తనంతట తానే తొలగిపోయి, ఏ కొందరిలోనో తిష్ఠవేసి, పది పదిహేనేండ్లు, ఒక్కొక్కచో అంతకు మించియు, చడీచప్పుడు లేక కణములను వికృతపరచును. ఈ సంబంధమును వెలికితీసిన జర్మను శాస్త్రజ్ఞుడు హరాల్డ్ త్సుర్ హౌసెన్ 2008లో నోబెల్ బహుమానము నందెను. టీకాలో వైరసు లేదు. దాని పైతొడుగును బోలిన, లోపల జన్యుపదార్థమేమియు లేని ఉత్త డొల్ల కలదు. ఆ డొల్లను ముందుగా చూచిన దేహమే రేపటి శత్రువును గుర్తుపట్టును. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు కారాదనియే తొమ్మిది మొదలు పదునాలుగేండ్ల ప్రాయమును నిర్ణయించిరి.

ఇంత మాత్రము విప్పి చెప్పుటకు మనకు 2009లోనే అవకాశము వచ్చినది. ఆ జూలైలో పాత్ అను అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వము కలసి ఖమ్మం జిల్లాలో సుమారు పదునాలుగు వేలమంది బాలికలకు టీకా వేయ దొరకొనిరి. భద్రాచల ప్రాంతపు వసతిగృహములలోని గిరిజన బాలికలును వారిలో నుండిరి. తదుపరి విచారణలో పరిశీలించిన 9,543 అంగీకార పత్రములలో 2,763 పత్రములపై ఉన్నది తల్లిదండ్రుల సంతకము కాదు, వార్డెనుదో, ప్రధానోపాధ్యాయునిదో! ఇక్కడను, ఇదే కార్యక్రమము నడచిన గుజరాతులోని వడోదరలోను కలిపి ఏడుగురు బాలికలు మరణించిరి. నీట మునుగుట, పాముకాటు, పురుగుల మందు, మలేరియా వంటివి కారణములనియు, టీకాకు వానితో సంబంధము లేదనియు విచారణ సంఘము తేల్చినది. అయినను 2010 ఏప్రిలులో కార్యక్రమము నిలిచిపోయెను. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము అంగీకారము సేకరించిన తీరును తీవ్రముగా గర్హించెను. టీకా నిర్దోషియని తేలినంత మాత్రమున ఆ పత్రములు నిర్దోషములు కాజాలవు. వేసినదేమో బిడ్డ తల్లికే తెలియనప్పుడు, ఆ బిడ్డ ఏ కారణమున పోయినను ఆమె ఆ సూదినే శంకించుట మౌఢ్యమని నేననను.

ఖమ్మమునకు ఒక్క యేడాది ముందు, 2008లో, స్కాట్లండు బడులలో ఇదే పని ఆరంభమైనది. పండ్రెండు, పదుమూడేండ్ల ప్రాయమున టీకా పూర్తిగా పొందిన అచ్చటి యువతులలో కణజాలములోనికి చొచ్చుకొనిపోవు ముఖద్వార క్యాన్సరు ఒక్కటియు కానరాలేదని 2024లో ప్రకటించిరి. మన బాలికల చెల్లెండ్రకో, సర్కారు టీకా ఏండ్ల తరబడి అందనేలేదు. 2022లో పూనాలోని సీరం సంస్థ వారి స్వదేశీ టీకాకు అనుమతి లభించుటతో వెలను గూర్చిన సాకు కొంత సడలినది. నమ్మకము మాత్రము సీసాలలో తయారగు వస్తువు కాదు.

అది బడిలో, తల్లులను కూర్చుండబెట్టి, వారి ప్రశ్న ముగియువరకు ఓపికతో వినినచోటనే కుదురుకొనును. ఆ తల్లికి ఈ టీకా వలన ఒరుగునది స్వల్పము. ముప్పది దాటిన ఆమెకు కావలసినది పరీక్ష. పలుచని ఎసిటిక్ ఆమ్లమును, అనగా మన వంటింటి వెనిగరు జాతి ద్రవమునే, దూదితో ముఖద్వారమునకు అద్ది ఒక నిమిషము ఆగినచో, చెడిన చోటు తెల్లబారి శిక్షణ పొందిన నర్సు కంటికే తెలియును. కూతురి పత్రముపై వ్రేలిముద్ర వేయవచ్చిన దినముననే, ప్రక్కగదిలో, ఒక తెర చాటున ఆ పని కూడ కానిచ్చి పంపవచ్చును.