ఫార్మాట్ కొట్టేముందు ఒక్క మాట

మిక్సీ శబ్దం మారితే మనకు ఒకరు చెప్పాలా? గిన్నె సరిగా కూర్చోలేదా, బ్లేడు కింద గింజ ఇరుక్కుందా, బుష్ అరిగిందా అనేది చెవితోనే పట్టేస్తాం. కుక్కరు విజిల్ వెయ్యకుండా ఉస్సురుమంటుంటే గాస్కెట్ పోయిందని పక్కగదిలోంచే కేకేస్తాం. అప్పుడు మన మాట ఇంట్లో అందరూ వింటారు. అదే చెవితో విని "కంప్యూటరు చప్పుడు మారిందండీ" అంటే మాత్రం ఎవరికీ నమ్మకం కుదరదు. ఇదేం చోద్యమో!

సూళ్లూరుపేటలో మా ఇంటి ముందుగదిలోనే 2011 నుంచి నేను టైపు పని చేస్తున్నాను. పెళ్లి పత్రికలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, పొదుపు సంఘాల లెక్కలు, అర్జీలు, ఇలా రోజుకు నాలుగు పనులైనా వస్తాయి. 2022 ఏప్రిల్‌లో మా ఊరు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాక, దాచుకున్న అర్జీలన్నిటిలో జిల్లా పేరు మార్చలేక వేళ్లు నొప్పెట్టాయి. అంటే అన్నేళ్ల పని ఆ పెట్టెలోనే ఉందన్నమాట.

పని ఒక్కటే అయితే ఇంత బాధ లేకపోను. 2015 నవంబరు వానలకు మా వీధిలోకి నీళ్లొచ్చినప్పుడు బీరువా అడుగున ఉన్న మా అమ్మ ఆల్బం నానిపోయింది. అంతకు ఏడాది ముందే, ఏదో బుద్ధి పుట్టి, అందులో పద్నాలుగు ఫొటోలు స్కాన్ చేసి పెట్టుకున్నాను. ఆల్బం పోయినా కంప్యూటరులో ఉన్నాయి కదా అనుకున్నాను. రెండోచోట దాచాలన్న ఆలోచన రాలేదు.

పోయిన పెళ్లిళ్ల సీజనులో మొదలైంది. టక్... టక్... టక్. కాసేపు ఆగేది, మళ్లీ టక్. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా తెర మీద బాణం కొయ్యబారిపోయేది. మావారితో చెప్పాను. "ఫ్యానులో దుమ్ము చేరుంటుందిలే, ఆదివారం ఊదుతా" అన్నారు. ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయి "పాత సిస్టం గదమా, అట్నే ఉంటాది" అన్నాడు. ఆదివారం వచ్చింది, ఊదడమూ అయింది, టక్ టక్ మాత్రం పోలేదు. వాళ్లననడమెందుకు? చేతినిండా కార్డుల పని ఉండి నేనూ ఊరుకున్నాను. పదకొండు రోజులు ఆ చప్పుడు వింటూ పత్రికలు కొట్టాను. పన్నెండో రోజు పొద్దున కంప్యూటరు లేవలేదు.

బజారులో రిపేరు చేసే అబ్బాయి వచ్చి రెండు నిమిషాలు చూశాడు. "ఫార్మాట్ కొడదాం మేడం, కొత్తదాని మాదిరి అయిపోతాది" అన్నాడు. లోపల ఏముందని అడగలేదు. ఇంకోచోట కాపీ ఉందా అని అసలే అడగలేదు. ఇల్లు కారుతోందని మేస్త్రీని పిలిస్తే, లోపల మనుషులున్నారో లేదో చూడకుండా పడగొట్టి కొత్తది కడతాననడం లాంటిదే ఇది. ఆ అబ్బాయిని తప్పుపట్టి లాభం లేదు. అతని దృష్టిలో పాడైంది డిస్కు, బాగుచెయ్యాల్సిందీ డిస్కే. నాకేమో డిస్కు పోతే పోనీ, అందులో ఉన్నవి కావాలి. ఈ తేడా వాళ్లకు తెలియనప్పుడు గట్టిగా చెప్పాల్సింది మనమే. "ఫార్మాట్ వద్దు నాయనా" అని డిస్కు ఊడదీయించి తీసుకున్నాను.

తర్వాత తెలుసుకున్నవి ముందే తెలిసుంటే ఎంత బాగుండేదో! హార్డ్ డిస్కు అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. మూసిన లోహపు పెట్టెలో అద్దంలా మెరిసే గుండ్రటి పళ్లేలుంటాయి. పాత గ్రామఫోను ముల్లు మాదిరి ఒక చెయ్యి వాటి మీద తిరుగుతూ చదువుతుంది. గ్రామఫోను ముల్లు రికార్డును తాకుతుంది, ఇది మాత్రం తాకకూడదు. మామూలు డిస్కులో పళ్లెం నిమిషానికి 5400 సార్లో, 7200 సార్లో తిరుగుతుంది. 7200 అంటే సెకనుకు 120 చుట్లు! చేతికీ పళ్లేనికీ మధ్య ఎడం మన వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండదు. ఆ చెయ్యి చదవాల్సిన చోటు దొరక్క, వెనక్కి పోయి మళ్లీ మొదటినుంచి వెతుక్కుంటుంటే వచ్చేదే టక్ టక్. కర్‌ర్‌మని గీసినట్టు వినిపిస్తే ఇంకా ప్రమాదం, చెయ్యి పళ్లేన్ని తాకుతున్నా తాకుతుండొచ్చు. అప్పుడు ఇంకేమీ ఆలోచించకుండా కట్టేయడమే.

మావారి అనుమానమూ పూర్తిగా కొట్టిపారేసేది కాదు. ఫ్యాను దుమ్ముపట్టినా శబ్దం వస్తుంది, కానీ అది ఆగకుండా హోరుమంటుంది, వేడెక్కేకొద్దీ పెరుగుతుంది. వైరు ఫ్యాను రెక్కకు తగిలితే టకటకా కొట్టుకుంటుంది గానీ మనం ఫైలు తెరిచామా లేదా అన్నదానితో దానికి పని లేదు. డిస్కు చప్పుడు అలా కాదు. ఫైలు తెరిచినప్పుడో, సేవ్ చేసినప్పుడో వస్తుంది, దాంతోపాటే కంప్యూటరు బిగుసుకుపోతుంది. చెక్క గరిటె కాడ ఒక కొస పెట్టెకు ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుంటే చప్పుడు ఎక్కణ్నుంచి వస్తోందో ఇట్టే తెలుస్తుంది. నవ్వకండి, మెకానిక్కులు స్క్రూడ్రైవరుతో ఇంజను వినేది ఇలాగే. కరెంటు వైరు వదులైనా, పవర్ సప్లై నీరసించినా కూడా డిస్కు టక్‌టక్‌మనొచ్చు. కాబట్టి వినగానే డిస్కు చచ్చిందని తీర్మానించడమూ తొందరే.

అందుకే నేననేది, కారణం తర్వాత వెతుక్కోవచ్చు, ముందు కాపీ చేసుకోండి. డిస్కు వైర్లు పీకి, మళ్లీ ఆన్ చేసి, శబ్దం ఉందా పోయిందా అని చూసే పద్ధతి మంచిదే గానీ, అది కాపీ అయ్యాకే. నీరసించిన డిస్కును ఆపి మళ్లీ లేపితే ఈసారి లేస్తుందన్న నమ్మకం లేదు. కాపీ కూడా వరసగా కాదు. మళ్లీ దొరకనివి ముందు, సినిమాలు, పాటలు చివరికి. ఆ సమయంలో డిస్కును బాగుచేస్తామనే ప్రోగ్రాములేవీ నడపకూడదు, దానికి ఆయాసం పెంచడమే అవుతుంది. ఫ్రీజరులో పెడితే బతుకుతుందని ఎవరైనా చెబితే వినకండి, బయటికి తీశాక లోపల చెమ్మ పడితే ఉన్నదీ పోతుంది.

డిస్కు తన ఆరోగ్యం తానే రాసుకునే ఏర్పాటొకటి ఉంది. దాన్ని స్మార్ట్ అంటారు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము దాన్ని చదివి నీలం రంగు చూపిస్తే బాగుందని, పసుపైతే జాగ్రత్తని, ఎరుపైతే ప్రమాదమని అర్థం. మా అబ్బాయికి దీని సంగతి తెలుసట! తెలిసినవాడు ఆ పదకొండు రోజుల్లో ఒక్కసారి చూస్తే ఏం పోయేది? అయితే ఆ నీలాన్నీ పూర్తిగా నమ్మకూడదు. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కుల లెక్కలు తీస్తే, పాడైనవాటిలో సగానికి మించి ముఖ్యమైన గుర్తుల్లో ఒక్కటీ చూపించకుండానే పోయాయి. రిపోర్టు బాగున్నా ఒంట్లో బాగాలేదంటే డాక్టరు వినాలి కదా, ఇదీ అంతే. ఇప్పుడొస్తున్న ఎస్ఎస్‌డీల్లో తిరిగే పళ్లేలే లేవు, చప్పుడే చెయ్యవు. అవి పోయే ముందు మన చెవికి ఏ కబురూ అందదు.

మా ఊళ్లో రాకెట్టు ఎగిరితే కిటికీలు గలగలమంటాయి. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 కోసం మేమంతా నిద్రమానుకుని మేడల మీద కూర్చున్నాం. ఇంకా 56 నిమిషాలుందనగా ఏదో లోపం కనిపించిందని ఆపేశారు. రాష్ట్రపతి వచ్చి కూర్చున్నా సరే, ఆపేశారు! చూసుకుని సరిచేసి 22న పంపారు. అక్కడ ఎవరూ "ఏం కాదులే, ఆదివారం చూద్దాం" అనలేదు. అంత దగ్గర ఉండి మా ఇళ్లకు ఆ బుద్ధి రాలేదేమో.

"ఇప్పుడన్నీ ఫోనులోనే కదా, ఈ గోల ఎందుకు?" అంటారు కొందరు. ఫోను నిండగానే ఫొటోలన్నీ ఎక్కడ కుమ్మరిస్తున్నారో చూడండి, పాత కంప్యూటరులోనే. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ డిస్కును మార్చమని షాపులో ఇచ్చేస్తే మన పిల్లల ఫొటోలు, మన ఆధార్, బ్యాంకు కాగితాలు అన్నీ దానితో వెళ్తాయి. డిలీట్ కొట్టినంత మాత్రాన చెరిగిపోవు. చచ్చిన డిస్కైనా సరే, ఊరికే ఇచ్చేయకండి.

నేను నా డిస్కును చీర మడతల్లో చుట్టుకుని రైలెక్కి చెన్నై పోయాను. రిచీ స్ట్రీట్‌లో అడిగితే ఒకచోటికి పంపారు. దుమ్ము లేని గదిలోనే తెరవాలని చెప్పి, వేలల్లో అడిగారు. మావారు మాట్లాడకుండా కట్టారు. ఇరవై రోజులకు వచ్చినవాటిలో సంఘం లెక్కలు చాలావరకు ఉన్నాయి. పెళ్లి పత్రికలు సగం పోయాయి. అమ్మ ఫొటోలు పద్నాలుగులో తొమ్మిది వచ్చాయి. అందులో ఒకటి చెంగాళమ్మ గుడి దగ్గర తీసినది. పైసగం బాగానే ఉంది, అమ్మ నవ్వుతోంది. కిందసగం అంతా బూడిదరంగు. అమ్మ ఒళ్లో మూడేళ్ల నేను ఉండాల్సింది అక్కడే.