మూడు మీటర్లా, పది మీటర్లా?

పక్కింట్లో మిక్సీ తిరిగితే మన రేడియో గరగరమంటుంది. మిక్సీయే కాదు, కంప్యూటరు, టెలివిజన్, చివరకు చిన్న చార్జరు సైతం ఎవరూ కోరకుండానే ఎంతో కొంత రేడియో తరంగాలను వెదజల్లుతూనే ఉంటాయి. ఈ ఉద్గారాలకు హద్దులు నిర్ణయించేందుకు 1934లోనే ‘సిస్పర్’ అనే అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. పరీక్షాశాలలో పరికరాన్ని తిరిగే వేదికపై ఉంచి, ఎదురుగా ఏంటెన్నా నిలిపి, తరంగాల తీవ్రతను కొలుస్తారు. ఏంటెన్నాను ఎంత దూరాన నిలపాలి? చిక్కంతా అక్కడే.

ఇళ్లలో వాడే పరికరాలకు చిరకాలంగా పాటిస్తున్న దూరం పది మీటర్లు. ఆ అంకె ఊరికే పుట్టినది కాదు. నివాస ప్రాంతమంటే, పరికరానికి పది మీటర్ల లోపున రేడియో, టెలివిజన్ ఉండగల చోటు అని ఆ ప్రమాణాలే నిర్వచించాయి. అనగా, కాపాడవలసినది పొరుగువాడిని. అయితే పది మీటర్ల వద్ద, 30 నుంచి 230 మెగాహెర్ట్జ్‌ల మధ్య అనుమతించిన తీవ్రత మీటరుకు సుమారు 32 మైక్రోవోల్టులు మాత్రమే. ఎఫ్.ఎం. కేంద్రాల హోరులో అంత సన్నని సంకేతాన్ని పట్టాలంటే, బయటి తరంగాలు చొరబడని విశాలమైన గది కావాలి. దానికయ్యే ఖర్చు తక్కువ కాదు. అందుకే చాలామంది తయారీదారులు మూడు మీటర్ల గదివైపు మొగ్గుతారు.

మూడు మీటర్ల వద్ద కొలిచి, పది మీటర్లకు లెక్కగట్టవచ్చు కదా? తీవ్రత దూరానికి విలోమానుపాతంలో తగ్గుతుంది కనుక పది డెసిబెల్లు తీసివేస్తే సరిపోతుందని అంటారు. ఈ సూత్రం దూరానున్న చిన్న జనకానికి చక్కగా వర్తిస్తుంది. కాని 30 మెగాహెర్ట్జ్‌ల వద్ద తరంగదైర్ఘ్యమే పది మీటర్లు! మూడు మీటర్లంటే తరంగంలో మూడోవంతు కూడా కాదు. పైగా నేలనుంచి పరావర్తనం చెందిన తరంగం నేరుగా వచ్చిన తరంగంతో కలుస్తుంది. అందుకే ఏంటెన్నాను ఒక మీటరు నుంచి నాలుగు మీటర్ల ఎత్తు వరకు జరుపుతూ గరిష్ఠ తీవ్రతను వెదుకుతారు. ఆ రెండు దారుల పొందిక మూడు మీటర్ల వద్ద ఒక విధంగానూ, పది మీటర్ల వద్ద మరొక విధంగానూ ఉంటుంది.

పరికరం బీరువా అంత ఉంటే చిక్కు మరింత ముదురుతుంది. ముందు భాగం మూడు మీటర్లలో ఉంటే, మీటరు లోతున్న వెనుక భాగం నాలుగు మీటర్లలో పడుతుంది. ఆ తేడా ఒక్కటే రెండున్నర డెసిబెల్లు. అదే పది మీటర్ల వద్దనైతే ఒక డెసిబెల్‌కు లోపే. పారిశ్రామిక, వైద్య పరికరాల ప్రమాణం ఇక్కడ తెలివిగా గీత గీసింది: తీగలతో సహా 1.2 మీటర్ల వ్యాసం, నేలనుంచి 1.5 మీటర్ల ఎత్తుగల స్తూపంలో ఇమిడే చిన్న పరికరాలకే మూడు మీటర్ల కొలతను అనుమతించింది.

చేతిలో ఇమిడే వస్తువుకు మూడు మీటర్లు చాలుననే నా అభిప్రాయం కూడా. బారెడు తీగలున్న యంత్రం మూడు మీటర్ల వద్ద హద్దుకు రెండు డెసిబెల్ల దిగువన నిలిచిందని సంబరపడి వెంటనే విపణికి పంపడం మాత్రం పొరుగువాడి రేడియోతో జూదమాడటమే. అటువంటి దానిని అచ్చువేయించే ముందే, మన దేశంలో చెన్నైలోని ‘సమీర్’ వంటి పరీక్షా కేంద్రానికి తీసుకువెళ్లి, పది మీటర్ల వద్ద ఒకసారి కొలిపించడం చౌక.